వైరు లాగింది ఎవరు?

లాండ్రీ కౌంటర్ దగ్గర నుంచి,
మంగళవారం

ముద్దుల మరదలికి,

నా మరదలు కంప్యూటర్ల కడుపులో చెయ్యి పెట్టి బాగుచేస్తుందని తొమ్మిదేళ్లుగా వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. ఇన్నేళ్లలో నీకు ఒక్క పనీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, విను.

మన లాండ్రీ కౌంటర్ మీద నువ్వు పెట్టించిన కంప్యూటరు నాలుగు వారాలుగా రోజుకు రెండుసార్లు బిగుసుకుపోతోంది. తెర మీది గడియారం కూడా ఆగిపోతుంది. స్విచ్చి కట్టేసి మళ్లీ వేస్తే తప్ప లేవదు. లేచాక చివర్లో రాసిన టోకెన్లు మాయం. మొన్న అలాగే లాయరుగారి నల్లకోటూ, ఇంద్రజాలం చేసే ఆయన నల్లకోటూ తారుమారయ్యాయి. ఇంద్రజాలం ఆయన కోటుకు లోపల పదకొండు జేబులు. లాయరుగారు కోర్టులో కాగితం ఏ జేబులో పెట్టారో తెలియక ఒళ్లంతా తడుముకుంటుంటే, జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారట. కేసు వాయిదా పడింది. లాయరుగారు ఇప్పుడు మన వీధిలోంచి నడవటమే మానేశారు.

టోకెన్లు అచ్చువేసే చిన్న ప్రింటరు వైరు వదులై ఊడిపోతోంది. అది ఊడినప్పుడే ఇలా అవుతోంది. నాకు తెలిసింది ఇంతే.

ఫోన్ మాత్రం చెయ్యకు, ఇలా ఈమెయిలులోనే రాయి. ఇక్కడ ఏం మాట్లాడినా వెనక గదిలోకి వినబడుతుంది. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు, వాషింగ్ మిషన్ల దగ్గర.

నీ వదిన


ఆఫీసు, మూడో అంతస్తు,
గురువారం

వదినకు,

వైరు ఊడితే ప్రింటరు ఆగాలి గానీ కంప్యూటరు ఆగకూడదు. గడియారంతో సహా ఆగిందంటే తప్పు కెర్నల్‌లో ఉంది. కెర్నల్ అంటే అన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాము. మెమరీ, ప్రింటరు, కీబోర్డు ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో అదే చూసుకుంటుంది. అది పడిపోతే పైన ఉన్నవన్నీ పడిపోతాయి.

కంప్యూటరు తను చేసిన ప్రతి పనినీ గంట, నిమిషం, సెకనుతో సహా ఒక ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. నీ కంప్యూటరు లాగ్ ఇక్కడి నుంచే తెచ్చుకుని చూశాను. వైరు ఊడగానే ప్రింటరు కోసం ఉంచిన మెమరీని కెర్నల్ వెనక్కి తీసేసుకుంటోంది. అచ్చువేసే పని మాత్రం ఆ సంగతి తెలియక ఇంకా అక్కడే రాస్తోంది. లేని గోడకు మేకు కొడుతున్నట్టు.

మూడు లైన్లు రాస్తే సరిపోతుంది, రాసేశాను. నీ కంప్యూటర్లో వేసుకోవడానికి పంపుతున్నాను. కానీ కెర్నల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇది చెరిగిపోతుంది కాబట్టి అసలు కెర్నల్లోకే ఎక్కించాలి. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు. ఒక్కో భాగానికి ఒక్కో కాపలా మనిషి ఉంటారు, ఆయన సరే అంటే లోపలికి వెళ్తుంది. ఒక్క వారం పట్టవచ్చు.

ఈలోగా ఆ వైరుకు ఒక దారం కట్టరాదూ? అన్నయ్య వింటే ఏమవుతుంది?

నీ మరదలు


లాండ్రీ,
ఆదివారం

మరదలికి,

దారం కట్టాను. తెగిపోయింది.

నువ్వు పంపింది వేసుకున్నాను. అంతకుముందు రోజుకు రెండుసార్లు బిగుసుకునేది, ఇప్పుడు రెండు రోజులకు ఒకసారి. ఆ ఒక్కసారీ శనివారం సాయంత్రం, కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉండగా. మెరుగే, కాదనను. నువ్వు కిందటి నెల జ్వరం నుంచి మెల్లమెల్లగా కోలుకున్నట్టు.

మీ అన్నయ్య సంగతి తర్వాత రాస్తాను.

వదిన


ఆఫీసు,
పదిహేను రోజుల తర్వాత, శుక్రవారం

వదినా,

నాకు తల తిరుగుతోంది. ప్రింటర్ల భాగానికి కాపలా ఉన్న పెద్దమనిషికి నేను కామాగారని పేరు పెట్టాను. ఎందుకో చెబుతాను.

ఆయన నా మొదటి ప్యాచ్‌కు, అంటే దిద్దుబాటుకు, ఇచ్చిన జవాబులో మొట్టమొదటి మాట, వివరణ రెండో వాక్యంలో కామా అక్కర్లేదని. రెండో మాట, ఏం చెడిపోయిందో మొదటి లైన్లోనే చెప్పాలట, నేను నాలుగో లైను దాకా దాచిపెట్టానట. దిద్ది మళ్లీ పంపాను. ఎడమ పక్క ఖాళీలు ఒక్కొక్కటిగా కాకుండా ట్యాబ్ మీట నొక్కి పెట్టాలన్నారు. అదీ దిద్దాను. అప్పుడు తీరిగ్గా అసలు విషయం ఎత్తారు. ‘మీరు రాసేముందు ప్రింటరు ఉందా అని చూస్తున్నారు. ఉందని తెలిశాక రాస్తున్నారు. చూడటానికీ రాయటానికీ మధ్య అది వెళ్లిపోతే?’

ఆ రెంటికీ మధ్య ఎంత సందు ఉంటుందో తెలుసా? సెకనులో లక్షో వంతు కూడా ఉండదు. ఇదంతా అందరికీ కనబడే చోటే రాస్తారు. మా ఆఫీసులో అందరూ చదివారు. భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాయన ఉప్పు అడగబోయి, మధ్యలో ‘కామా’ అని పలికి ఆగాడు.

మూడు లైన్లకు ఇంత రచ్చ ఎక్కడైనా ఉందా?

మరదలు


లాండ్రీ,
సోమవారం

మరదలికి,

కోపం తెచ్చుకోకుండా చదువు. నాకు ఆయనే సబబుగా కనిపిస్తున్నాడు.

నువ్వు పంపేదాన్ని ప్యాచ్ అంటారంటే మాసిక అనేగా. ఆ పని నాకు కాస్త తెలుసు. కోటుకు రఫ్ఫు చేసేటప్పుడు చిల్లు కనబడినంత మేరకే కుడితే, పక్కన నలిగి ఉన్న పోగులు వారం తిరక్కుండా తెగుతాయి. గట్టి గుడ్డ తగిలేదాకా వెళ్లాలి. నువ్వు చిల్లు దగ్గరే ఆగిపోయినట్టున్నావు. లేకపోతే ఇంకా రెండు రోజులకొకసారి ఎందుకు బిగుసుకుంటుంది?

ఇంకెన్నాళ్లు చేస్తానో ఈ రఫ్ఫు పని. హోటలు దుప్పట్లు వచ్చి పడితే కిటికీ దగ్గర నా బల్లకు చోటే ఉండదు. అది వేరే సంగతి, నువ్వు పట్టించుకోకు.

వదిన


ఆఫీసు,
తర్వాతి బుధవారం

వదినకు,

ఏ హోటలు? ఏ దుప్పట్లు?

ఆ ప్రశ్న అలా ఉంచు. ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. కామాగారు నీ లాగ్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఇంత ఓపిక ఉన్న మనిషిని నేను చూడలేదు. ఆయన రాసింది ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

‘వైరు వదులుగా ఉందని మీకు చెప్పినవారు అంటున్నారు. వదులు వైరు ఎప్పుడు పడితే అప్పుడు ఊడుతుంది. ఇది యాభై మూడుసార్లు ఊడింది. యాభై మూడుసార్లూ ప్రింటు మొదలైన మూడు సెకన్లలోపే. టోకెన్లు రోజుకు తొంభై దాకా అచ్చవుతున్నాయి, వాటికి ఒక్కసారి కూడా ఊడలేదు. ఇంకో కంప్యూటరు నుంచి ఏదైనా అచ్చుకు వస్తే మాత్రం ఊడుతోంది. ఇంత క్రమశిక్షణ గల వైరును నేను ఎక్కడా చూడలేదు. అసలు ఏం జరుగుతోందో తెలియకుండా దిద్దుబాటు సరైనదో కాదో చెప్పలేను. దయచేసి వారిని మళ్లీ అడగండి.’

వదినా, ఆ ఇంకో కంప్యూటరు వెనక గదిలోది, అక్కడ ఉండేది అన్నయ్య. కౌంటర్ దగ్గర ఉండేది నువ్వు. వైరు ఎవరు లాగుతున్నారు?

మరదలు


లాండ్రీ,
శనివారం, షట్టర్ దించి

మరదలికి,

నేనే.

మీ కామాగారు ఈ చుట్టుపక్కల పోలీసు ఉద్యోగంలో లేకపోవడం చాలామంది అదృష్టం. సరే, అంతా చెబుతాను.

మీ అన్నయ్యా నేనూ మాట్లాడుకుని రెండున్నర నెలలైంది. నేను దారపు ఉండలు కొనడానికి వెళ్లిన గంటలో హోటలు మేనేజరు వచ్చాడు. రోజూ మూడు వందల దుప్పట్లు ఉతికిస్తారా అని అడిగాడు. మీ అన్నయ్య అక్కడికక్కడే సరేనన్నాడు. దానికి ఇంకో పెద్ద మిషను కావాలి. మిషను పెట్టడానికి చోటు కిటికీ దగ్గరే ఉంది, అంటే నా రఫ్ఫు బల్ల ఉన్నచోట. ఈ లాండ్రీ లేనప్పుడు కూడా ఆ బల్ల ఉంది. నేను ఒక్కదాన్నే ఆ బల్ల మీద కోట్లు కుట్టుకుంటుంటే, మీ అన్నయ్య బస్సు డిపోలో ఉద్యోగం మానేసి వచ్చి చేరాడు. ఇంటికి వచ్చినవాడికి ఇల్లు అప్పగిస్తే ఇలాగే ఉంటుంది. పైగా, నీకూ విశ్రాంతిగా ఉంటుందన్నాడు. విశ్రాంతి కావాలని నేను అడిగానా? ఇక నాతో మాట్లాడకు అన్నాను. ఏ మాటా వినని మనిషి ఆ ఒక్క మాట మాత్రం విన్నాడు.

వారం తర్వాత టోకెన్ ప్రింటరు దానంతట అదే చప్పుడు చేసింది. ఏ గిరాకీ లేదు. కాగితం మీద ‘భోజనానికి రావచ్చా’ అని వచ్చింది. వెనక గది నుంచి పంపుతున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మర్నాడు ‘అడగకుండా ఒప్పుకోవడం నాదే తప్పు, కానీ’ అని వచ్చింది. ఆ ‘కానీ’ చూడగానే నా చెయ్యి వైరు మీదికి పోయింది. అప్పటినుంచి ఆయన రోజుకు రెండుసార్లు తప్పు ఒప్పుకుంటూనే ఉన్నాడు, నేను ‘కానీ’ దగ్గర లాగి పారేస్తూనే ఉన్నాను. ఆ ‘కానీ’ తర్వాత ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు.

కంప్యూటరు బిగుసుకుంటే టోకెన్లు పోతాయని తెలిసీ లాగాను. లాయరుగారి విషయంలో తప్పంతా నాదే. నీకు అబద్ధం చెప్పి తిప్పలు పెట్టాను. ఇది మీ వాళ్లందరికీ కనబడే చోట మాత్రం రాయకు.

వదిన


ఆఫీసు,
రెండు వారాల తర్వాత, గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి, మెట్ల దగ్గరకు వెళ్లి కూర్చోవలసి వచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. రెండున్నర నెలలంటే తక్కువ కాదు. అన్నయ్యకు నేను రాయనా అనుకున్నాను, నువ్వు చెప్పేదాకా రాయను.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. తొమ్మిదేళ్లుగా నువ్వు నా గురించి అందరికీ చెబుతున్నది పూర్తిగా నిజం కాదు. ఇతరులు రాసిన కెర్నల్ దిద్దుబాట్లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. నేను రాసిన లైను ఒక్కటి కూడా ఇంతవరకు అందులోకి వెళ్లలేదు. ఇదే మొదటిది. నువ్వు గొప్పగా చెబుతుంటే అడ్డుపడాలని ఎన్నోసార్లు అనుకుని ఊరుకున్నాను. కామాగారి మీద నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా.

ఆయనకు ‘ప్రింటు మధ్యలో వాడేవారు కావాలనే వైరు తీస్తే’ అని రాశాను. కావాలనే ఎందుకు తీస్తారని అడిగారు. ఇక దాచలేక, ఊరూ పేరూ లేకుండా, ఆయనొక్కరికే విడిగా రాశాను. మొగుడూ పెళ్లాల మాటల్లేనితనం అని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది. ‘ఇది సరైన కారణమే. కెర్నల్ ఎవరి పక్షమూ వహించకూడదు. ఎవరు ఎప్పుడు లాగినా అది నిలబడాలి.’

అక్కడినుంచి పని మారిపోయింది. అచ్చు పూర్తయ్యేదాకా మెమరీకి తాళం వేసి ఉంచేలా కొత్త ప్యాచ్ రాశాను. పదకొండు లైన్లు అయింది. ప్రింటర్లో కాగితం అయిపోయి అచ్చు ఆగి ఉన్నప్పుడు వైరు లాగితే, తాళం ఎప్పుడు తీస్తారని అడిగారు. నిజమే, ఎప్పటికీ తీయరు. నేను ఒక జబ్బు కుదిర్చి ఇంకో జబ్బు అంటించాను. నువ్వు చెప్పిన గట్టి గుడ్డ ఇంకా తగల్లేదన్నమాట. తర్వాతిసారి ఇలా చేశాను. వైరు ఊడగానే కెర్నల్ ముందు ప్రింటరు పోయిందని ప్రకటిస్తుంది. ఎదురుచూస్తున్న పనిని తట్టి లేపుతుంది. అది చేతులు దులుపుకుని బయటికి వచ్చాకే మెమరీ తీసుకుంటుంది. అంతా కలిపి నాలుగు లైన్లు. ఆయన ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.

ఒక్కటే అడిగారు. అసలు చెడిపోయిన కంప్యూటరు మీదే వందసార్లు పరీక్షించాలట. వెనక గది నుంచి ఒకరు ప్రింటు నొక్కాలి, సరిగ్గా అదే క్షణాన కౌంటర్ దగ్గర ఇంకొకరు వైరు లాగాలి. ఇద్దరు మనుషులు కావాలి వదినా. ఇది నేను కల్పించింది కాదు, ఆయన రాసిందే.

మరదలు


లాండ్రీ,
ఆదివారం సాయంత్రం

మరదలికి,

పరీక్ష అయింది. వందసార్లు లాగాం. ఒక్కసారీ బిగుసుకోలేదు. ఇక ఎలా జరిగిందో విను.

పొద్దున నీ ఉత్తరం కాగితం మీద అచ్చు తీసి, మీ అన్నయ్య చూసే వాషింగ్ మిషను మూత మీద పెట్టి వచ్చాను. నీ సంగతి ఉన్న పేరా మడిచి పెట్టానులే. కాసేపటికి వెనక గది కంప్యూటరు ముందు కుర్చీ జరిగిన చప్పుడైంది. నేను కౌంటర్ దగ్గర వైరు పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో గోడ. ఆయన నొక్కేది నాకు కనబడదు, నేను లాగేది ఆయనకు కనబడదు. మాట్లాడకుండా ఎలా కుదురుతుంది? చివరికి నేనే అడిగాను.

“లాగనా?”

“ఇంకా నొక్కలేదు.”

మూడు నెలలకు మా మొదటి మాటలు అవి.

మొదటి ఇరవైసార్లూ నువ్వు ఆలస్యం అంటే నువ్వు తొందర అని వాదించుకున్నాం. తర్వాత ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. అచ్చుకు ఏదో ఒకటి పంపాలి గదా, ఆయన ఒకటీ రెండూ అంకెలే పంపుతూ వచ్చాడు. వైరు లాగేలోపు మొదటి లైనే బయటికి వస్తుందని నలభైసార్లకు ఆయనకు అర్థమైనట్టుంది. నలభై ఒకటో కాగితం మీద ‘మిషను ఆర్డరు ఇవ్వలేదు’ అని వచ్చింది. నలభై రెండు, ‘హోటలుకు సంతకం పెట్టలేదు’. నలభై మూడు, ‘నువ్వు సరే అంటే తప్ప పెట్టను’.

నేను వైరు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

“లాగలేదేం?” అని లోపలి నుంచి అడిగాడు.

“చదువుతున్నాను.”

కాసేపటికి తనే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ ‘కానీ’ తర్వాత ఏం రాశావని అడిగాను. తల వంచుకుని, కౌంటర్ మీద లేని మరకను గోటితో గీకుతూ చెప్పాడు.

“నీ కళ్లు. సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు తడుముకుంటున్నావు. అడిగితే ఒప్పుకోవు. ఆ పని తగ్గితే బాగుంటుందనిపించి, తొందరపడ్డాను.”

వెలుతురు లేక అన్నాను. కిటికీకి ఎదురుగా కూర్చుని వెలుతురు లేదంటావా అన్నాడు. ఆ మాట ఒప్పుకున్నాను. మీ అన్నయ్య మాట నేను ఒప్పుకోవడం ఇదే మొదలు, ఇంకెవరికీ చెప్పకు. ఏడాదిగా నాకూ తెలుసు. సూది పని పోతుందేమోనని నాకు నేనే చెప్పుకోలేదు. కళ్లు కనబడకపోతే కళ్లజోడు పెట్టించాలి గానీ బల్ల తీసేస్తారా అని మాత్రం అన్నాను. అది నాకు తట్టలేదని ఒప్పుకున్నాడు. నిజంగానే తట్టలేదట.

మిగతా యాభై ఎనిమిదీ పూర్తిచేశాం. చివరి పదిసార్లు నేను నొక్కాను, ఆయన లాగాడు. లాగడంలో ఆయనకు నా అంత ఒడుపు లేదు. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. హోటలు మేనేజరుతో నేనే మాట్లాడతాను, వారానికి రెండుసార్లు, ఉన్న మిషన్లతో కుదిరినన్ని దుప్పట్లు. అంతకు మించి ఆశ వద్దు.

నీ సంగతి ఒకటి రాశావుగా. నేను తొమ్మిదేళ్లుగా చెప్పింది అబద్ధం అయితే కావచ్చు, ఇంకో వారంలో నిజం అవుతుంది. నేను చెప్పినవాళ్లెవరూ తేదీ అడగలేదులే.

వదిన


ఆఫీసు,
పది రోజుల తర్వాత, సోమవారం

వదినకు,

పొద్దున పదకొండింటికి కామాగారి దగ్గర నుంచి వచ్చింది. ‘తీసుకున్నాను. ధన్యవాదాలు.’ అంతే. నాలుగు లైన్లూ కెర్నల్లోకి వెళ్లిపోయాయి. రాసింది నేనని, తప్పు చూపించింది నువ్వని, పరీక్షించింది నువ్వూ అన్నయ్యా అని కింద మూడు వరుసల్లో ఉంది. అన్నయ్యను అడిగితే నీ పేరు తన పేరుకు ముందు ఉండాలన్నాడు. నువ్వు అడగమన్నావనే అనుమానం నాకు ఉంది.

నేను లేచి నీళ్ల కూజా దగ్గరికి వెళ్లి రెండు గ్లాసులు తాగి వచ్చి కూర్చున్నాను. మళ్లీ తెరిచి చూశాను. ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

మధ్యాహ్నం ఆయన నుంచి ఇంకో ఉత్తరం, నాకొక్కదానికే. ‘ఇది ప్యాచ్‌కు సంబంధించింది కాదు. మీరు జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు వాళ్లు మాట్లాడుకుంటున్నారా?’ ఆ రెండు ముక్కల్లో ఒక్క తప్పు లేదు, అయినా ఎన్నిసార్లు దిద్ది పంపారో అనిపించింది.

ఏం రాయమంటావు?

మరదలు


లాండ్రీ,
బుధవారం

మరదలికి,

ముందు నువ్వు చల్లగా ఉండాలి. ఇంకో నలభై లైన్లు రాయాలి.

ఆయనకు ఇలా రాయి. ఈ రోజు పొద్దున్నే మేం గట్టిగా గొడవపడ్డాం. ఉన్ని కోటుకు ఇస్త్రీ ఎంత వేడిగా ఉండాలన్న దాని మీద. గిరాకీ వాళ్లు ఇద్దరు చెరో పక్షం చేరారు. నేను నెగ్గాను. మీ అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, భోజనం చేస్తూ తేల్చుకుందామన్నాడు. ఇంకా చాలా రాయాలని ఉంది గానీ, లోపలి నుంచి పిలుస్తున్నాడు.

వదిన